నెవాడా 50వ నంబరు రహదారి: అపోహలు - వాస్తవాలు

రోడ్లకు మార్గం నిర్ణయించడం నా వృత్తి. ఒక దారి ఎందుకు అక్కడ మలుపు తిరిగిందో చూడటం నాకు అలవాటు. నెవాడా రాష్ట్రాన్ని అడ్డంగా దాటే యు.ఎస్.50 మీద ప్రచారంలో ఉన్న మాటలు విన్నప్పుడల్లా, ఆ దారికి అన్యాయం జరుగుతోందని అనిపిస్తుంది.

అపోహ: అమెరికాలో ఇంతకన్నా ఒంటరి రహదారి లేదు.

వాస్తవం: 1986లో లైఫ్ పత్రిక తగిలించిన పేరు అది. నెవాడా పర్యాటక శాఖ దాన్నే ప్రచారంగా మలచుకుంది. రాష్ట్ర రాజధాని కార్సన్ సిటీ దగ్గర ఈ రోడ్డు వాహనాలతో కిటకిటలాడుతుంది. నెవాడాలోనే ఈలీ ఊరి నుంచి టోనోపా ఊరికి వెళ్లే యు.ఎస్.6 ఇంకా నిర్మానుష్యం: 160 మైళ్లకు పైగా పెట్రోలు బంకే ఉండదు.

అపోహ: ఎడారి కదా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది.

వాస్తవం: లోయల్లో మాత్రమే. ఇక్కడి పర్వతశ్రేణులు ఉత్తర దక్షిణాలుగా సాగితే, రోడ్డు వాటికి అడ్డం పడి తూర్పు పడమరలుగా వెళ్తుంది. కాబట్టి ఒక లోయ దాటగానే మళ్లీ ఒక కనుమ ఎక్కాలి. ఈలీకి తూర్పున ఉన్న కానర్స్ కనుమ ఎత్తు 7,700 అడుగులకు పైమాటే.

అపోహ: 'పోనీ ఎక్స్‌ప్రెస్' అనే పాతకాలపు గుర్రపు టపా సేవ నడిచిన బాట మీదే తారు పోశారు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధించేది ఇదే, ఎందుకంటే అసలు చరిత్ర ఇందులోనే మరుగున పడుతోంది. 1859లో సైనికాధికారి జేమ్స్ సింప్సన్ సర్వే చేసిన మార్గంలో, 1860 ఏప్రిల్ నుంచి గుర్రాల మీద టపా నడిచింది. మరుసటి ఏడాది అక్టోబరులో తంతి తీగ ఖండం దాటడంతో ఆ సేవ ఆగిపోయింది. అయితే నెవాడాలోని ఆస్టిన్ ఊరు దాటి తూర్పుకు వెళ్లాక ఆ బాట నేటి రోడ్డుకు ఉత్తరంగా వెళ్లేది. రోడ్డును యురేకా, ఈలీల వైపు లాగినవి గనులు: ఆస్టిన్‌లో 1862లో, యురేకాలో 1864లో వెండి బయటపడింది, ఈలీది రాగి. ఆ ఊళ్లను కలుపుతూ 1913లో దేశాన్ని అడ్డంగా దాటే లింకన్ హైవే, 1926లో 50 అనే నంబరు వచ్చాయి. ఆస్టిన్‌కు పడమర కథ వేరు. అక్కడ మొదట రోడ్డు క్యారల్ కనుమ మీదుగా వెళ్లేది. 1967లో ఉత్తరంగా జరిపాక గుర్రాల బాటకు మరింత దగ్గరైంది. పాత రోడ్డు ఇప్పుడు రాష్ట్ర రహదారి 722. సమయం ఉంటే దాని మీద కూడా వెళ్లండి.

ఫాలన్‌లో ట్యాంకు నింపుకోండి, ఆస్టిన్ 110 మైళ్లు. మధ్యలో కోల్డ్ స్ప్రింగ్స్ దగ్గర ఆగండి. ప్రయాణికులను మోసిన పాతకాలపు గుర్రపు బళ్ల (స్టేజి బళ్ల) మజిలీ రాతి గోడలు రోడ్డు పక్కనే ఇంకా నిలిచి ఉన్నాయి.