"వారంటీ ఉంది కదా అన్నా!": రాడ్లు, రీళ్ల సర్వీసు దగ్గర రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

వైజాగ్‌లో చేపలు పట్టే గేలం రాడ్లూ, వాటికి లైన్ (గేలం దారం) చుట్టే రీళ్లూ అమ్ముతాను, కానీ అమ్మేవాటికంటే బాగుచేసేవే ఎక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లకి వేట నిషేధం కదా, ఆ టైములో హార్బర్‌లో బోట్లకీ వలలకీ మరమ్మతులు నడిచినట్టే నా బల్ల మీద రీళ్లు పేరుకుంటాయి. సరదాగా గేలం వేసేవాళ్లు కూడా ఎండలకి ఇంట్లో కూర్చుని అటక మీద సామాను దించుతారు, దించాక గానీ తెలీదు హ్యాండిల్ తిరగట్లేదని. తిన్నగా వచ్చి "వారంటీ ఉంది కదా అన్నా, మార్చి ఇచ్చెయ్" అంటారు. రోజూ చెప్పిందే చెప్పి నోరు నెప్పెడుతోంది, ఒకచోట రాసి పడేస్తే లింకు పంపొచ్చు కదా అని రాస్తున్నా. మా షాపులవాళ్లకి కూడా ఇందులో రెండు వాతలున్నాయి, చివరిదాకా చదవండి.

అపోహ: వారంటీ టైములో ఏం పాడైనా కంపెనీయే చూసుకోవాలి

కాదండీ. దాదాపు అన్ని కంపెనీల కార్డుల మీదా రాసేది ఒకటే, మెటీరియల్‌లో గానీ తయారీలో గానీ లోపం ఉంటే బాగుచేస్తాం లేదా మారుస్తాం అని. వాడకం వల్ల అరిగినవి అందులోకి రావు. బైకు షోరూముకెళ్లి బ్రేకు షూలు అరిగాయి ఫ్రీగా వెయ్యండి అని ఎవరం అడగం, రీల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అడుగుతాం. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్‌ని కొద్దికొద్దిగా వదిలే బ్రేకు) వాషర్లు, లైన్ రోలర్ బేరింగు, బెయిల్ (లైన్‌ని రీల్ మీదికి మళ్లించే తీగ) స్ప్రింగు, హ్యాండిల్ నాబ్, ఇవన్నీ అరగడానికే పుట్టిన పార్టులు. ఇక లైన్, హుక్కులు, ల్యూర్ (నకిలీ ఎర) మీద రంగు, వీటికి వారంటీ అడగడమే అనవసరం. నైలాన్ మోనో లైన్ నీళ్లు పీలుస్తుంది, ఎండకి పెళుసైపోతుంది, ఏడాది వాడి "పుటుక్కున తెగింది" అంటే తెగదా మరి.

మరి లోపం అంటే ఏంటి? కొత్త రీల్ డబ్బాలోంచి తీసి తిప్పితేనే ఒక చోట పట్టేస్తోంది, గేరు గరగరమంటోంది, బెయిల్ మొదటి వారంలోనే మూసుకోవడం మానేసింది, రాడ్ మీద రీల్ బిగించే సీటు జిగురు వదిలి గిరగిరా తిరుగుతోంది, గైడ్‌ని (రాడ్ మీద లైన్ దూరే రింగుని) కట్టిన దారం మీద ఎపాక్సీ జిగురు పెచ్చులూడుతోంది. ఇలాంటివి. ఇలాంటివి ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు, ఆ రీల్‌తో ఇంకోసారి సముద్రానికి వెళ్లొద్దు, అలాగే పట్టుకొచ్చెయ్యండి. నాలుగు ట్రిప్పులు లాగించి తెస్తే అప్పుడు లోపమేదో వాడకమేదో విడదీసి చెప్పడం నావల్ల కూడా కాదు.

అరుగుదల ఎలా కనిపెడతారు అని అడుగుతారు చాలామంది, ఏదో సాకు చెప్తున్నామనుకుంటారు. రీల్ చేతికి రాగానే నేను ముందు చూసేది లైన్ రోలర్. బెయిల్ పక్కన లైన్ వంగి వెళ్లే చోట చిన్న గిలక ఉంటుంది చూడండి, అదే. గోటితో తిప్పితే తిరగాలి. ఉప్పు పట్టి బిగుసుకుపోతే లైన్ ఒకే చోట రాసుకుంటూ వెళ్తుంది, బ్రెయిడ్ (అల్లిన లైన్) దారమే కదా అనుకుంటాం గానీ అది అక్కడ వెంట్రుకంత గాడి కోసేస్తుంది. ఆ గాడి పదునుకి బ్రెయిడ్ నూగు లేస్తుంది, తర్వాత తెగుతుంది, కస్టమరేమో లైన్ కంపెనీని తిడతాడు. ఆ గాడి మీద గోరు ఆనితే చాలు, ఈ రీల్ ఎన్నాళ్లుగా నూనె చుక్క చూడలేదో తెలిసిపోతుంది. కంపెనీ టెక్నీషియన్‌కి కూడా అంతే, అతనితో వాదించి లాభం లేదు.

అపోహ: సాల్ట్‌వాటర్ రీల్, పైగా ఐపీఎక్స్ రేటింగు ఉంది, ఉప్పు దీన్ని ఏమీ చెయ్యలేదు

ఐపీఎక్స్6 అంటే అన్ని వైపుల నుంచీ జోరుగా నీళ్ల ధార కొట్టినా హాని చేసేంత నీరు లోపలికి పోదని, ఐపీఎక్స్8 అంటే కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంత సేపు మునిగి ఉన్నా తట్టుకుంటుందని. బానే ఉంది. కానీ ఆ పరీక్ష చేసేది మంచినీళ్లతో, కొత్త సీళ్లున్న కొత్త ముక్క మీద. భీమిలి బీచ్‌లో ఇసకలో పడేసి, అలలో ముంచి లేపి, కారు డిక్కీలో రెండు వారాలు మర్చిపోయిన రీల్ మీద కాదు. సీలు రబ్బరే, అరుగుతుంది, ఎండుతుంది. నీళ్లు ఆరిపోయాక ఉప్పు గడ్డకట్టి అక్కడే ఉంటుంది, మళ్లీ తేమ తగలగానే పని మొదలెడుతుంది. అల్యూమినియం బాడీలో స్టెయిన్‌లెస్ స్క్రూ, మధ్యలో ఉప్పునీరు, అంతకంటే ఏం కావాలి, రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియాన్ని తినేస్తుంది. తెల్లటి పొడి కనిపిస్తే అదే. ఆ స్టేజీలో వచ్చిన రీల్‌కి స్క్రూ విప్పడమే పెద్ద యుద్ధం, ఒక్కోసారి తల విరిగి లోపలే ఉండిపోతుంది.

కడగడం విషయంలో కూడా చెప్పాలి. బైకు వాటర్ సర్వీసు గన్నుతో కడిగేవాళ్లున్నారు! ఆ ప్రెషరుకి బయటి ఉప్పు కాస్తా లోపలికి పోతుంది. బకెట్లో నానబెట్టడం కూడా వద్దు. ఇంటికి రాగానే డ్రాగ్ నాబ్ బిగించి, పంపు నీళ్లు సన్నగా పైనుంచి పోసి, దులిపి, నీడలో ఆరబెట్టండి. ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచండి, బిగించి వదిలేస్తే లోపల ఫెల్ట్ వాషర్లు అణిగిపోతాయి, తర్వాత చేప లాగినప్పుడు లైన్ కుదుపులతో వెళ్తుంది. మళ్లీ అది కూడా "కంపెనీ లోపం" లిస్టులోకే వస్తుంది.

అపోహ: నేనే విప్పి శుభ్రంగా గ్రీజు దట్టించాను, కాబట్టి మెయింటెనెన్స్ బ్రహ్మాండం

ఇది మంచి మనసుతో చేసే పాపం. రీల్ హ్యాండిల్ వెనక్కి తిరక్కుండా ఆపేది లోపలున్న వన్‌వే క్లచ్ బేరింగు. దానికి గ్రీజు తగిలితే లోపలి చిన్న రోలర్లు జారతాయి, గేలానికి చేప తగిలి మీరు రాడ్ ఎత్తేసరికి హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి వేళ్ల మీద కొడుతుంది. వేళ్లు వాచి నా దగ్గరికి వచ్చి "డిఫెక్టివ్ పీసు అంటగట్టావు" అంటారు, విప్పి చూస్తే తేనెలో ముంచినట్టు ఉంటుంది. డబ్ల్యూడీ-40 కథ ఇంకోటి, అది తేమ తోలడానికీ బిగుసుకున్న స్క్రూ వదులవడానికీ బాగా పనికొస్తుంది, కానీ లోపలికి కొడితే ఉన్న గ్రీజుని కరిగించి తీసుకుపోతుంది, దాన్నే నూనె అనుకుని వదిలేస్తే గేరు ఎండిపోతుంది. దైవా కంపెనీ మ్యాగ్‌సీల్డ్ లాంటి రీళ్లలో అయస్కాంతం పట్టి ఉంచే ప్రత్యేకమైన నూనె ఉంటుంది, ఇంట్లో విప్పి మామూలు నూనె వేస్తే ఆ సీలు పోయినట్టే. లైన్ రోలర్‌కి, హ్యాండిల్ నాబ్‌కి ఒక్కో చుక్క నూనె వేసుకోండి (మ్యాగ్‌సీల్డ్ రోలర్ అయితే అదీ వద్దు, మాన్యువల్ చూడండి). బాడీ మాత్రం వారంటీ టైములో విప్పకండి. విప్పి పాడుచేసినదాన్ని ఏ కంపెనీ తీసుకోదు, స్క్రూ తల మీద స్క్రూడ్రైవరు జారిన గీతలు చూసే చెప్పేస్తారు.

అపోహ: చేప అరకిలో లేదు, రాడ్ విరిగిందంటే అది రాడ్ లోపమే

ఈ ఒక్క దాని మీద జరిగినన్ని గొడవలు నా కౌంటర్ దగ్గర దేనిమీదా జరగలేదు.

కార్బన్ రాడ్ వంగడంలో మొనగాడు, దెబ్బ తగలడంలో పిరికివాడు. జిగ్ (బరువైన లోహపు ఎర) విసిరేటప్పుడు అది వచ్చి రాడ్‌కి టక్కున తగులుతుంది, లేదా ఆటోలో సీసం గుండ్ల సంచీ కింద పడి నలుగుతుంది, లేదా ఇంట్లో ఫ్యాను రెక్క తగులుతుంది. పైకి గీత కూడా కనపడదు, లోపల పొర చిట్లి ఉంటుంది. ఆ రోజు విరగదు. నెల తర్వాత ఓ కానాగంత చేపకి విరుగుతుంది, అప్పుడు మనకి ఆ ఫ్యాను గుర్తుండదు కదా.

విరిగిన చోటు చాలా సంగతులు చెప్తుంది. టిప్ దగ్గర జానెడు లోపల విరిగితే, స్వివెల్ (లైన్ మెలిపడకుండా కట్టే చిన్న తిరుగుడు కొక్కెం) గైడ్‌లో ఇరుక్కునేదాకా చుట్టేసి ఉంటారు, లేదా బండల మీద నిలబడి చేపని రాడ్‌తోనే అమాంతం పైకి ఎత్తి ఉంటారు. చేప దగ్గరికొచ్చాక రాడ్‌ని నిలువు దాటించి వెనక్కి లాగితే బరువంతా సన్నటి పైభాగం మీదే పడుతుంది, మందంగా ఉన్న కింది భాగం ఉత్తినే ఉంటుంది. గేలం అడుగున రాయికి పట్టేసినప్పుడు రాడ్ వంచి వంచి లాగడం ఇంకో అలవాటు, అలా కాదు, రాడ్‌ని లైన్‌కి తిన్నగా పెట్టి, స్పూల్ (రీల్ మీద లైన్ చుట్టుకునే భాగం) పట్టుకుని, వెనక్కి నడవండి. చేతికి బ్రెయిడ్ చుట్టుకోకండి, కోసేస్తుంది, ఓ కర్రముక్కకి చుట్టండి. నిజమైన తయారీ లోపం ఉన్న రాడ్ మాత్రం మామూలు బరువుకే మొదట్లోనే బయటపడుతుంది, ఎక్కువగా రెండు ముక్కలు కలిసే జాయింటు దగ్గర, అలాంటివి నేనే దగ్గరుండి క్లెయిమ్ చేయించాను.

లైన్ ఊరికే తెగుతోందంటే ఇంకో చిన్న పరీక్ష. చెవుల్లో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని ప్రతి గైడ్ రింగు లోపలా మెల్లిగా తిప్పండి. దూది పోగు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ సిరామిక్ చిట్లినట్టు. గైడ్ మార్చడం చిన్న పని, రాడ్ మొత్తం మార్చమని వారంటీ అడగక్కర్లేదు.

అపోహ: లైఫ్‌టైమ్ వారంటీ అంటే మనం బతికున్నంత కాలం

అమెరికా నుంచి బావమరిది తెచ్చిన రాడ్ల విషయంలో ఇది వినపడుతుంది. అక్కడ గట్టి గ్యారంటీలు ఉన్న మాట నిజమే, ఓర్విస్ వాళ్లు ఫ్లై రాడ్లకి 25 ఏళ్ల గ్యారంటీతో పేరు తెచ్చుకున్నారు, దానికీ ప్రతి రిపేరుకి హ్యాండ్లింగ్ ఫీజు కట్టాలి, మొదట కొన్నవాళ్లకే వర్తిస్తుంది. ఎల్.ఎల్.బీన్ అనే పెద్ద అవుట్‌డోర్ సామాన్ల కంపెనీ అయితే ఎప్పుడు తెచ్చినా వాపసు తీసుకునేది. జనం వాడి వాడి చిరిగినవీ, పాత సామాన్ల అమ్మకాల్లో కొన్నవీ తెచ్చి డబ్బులు అడుగుతుంటే విసిగి 2018 ఫిబ్రవరిలో దాన్ని ఏడాదికి కుదించి రసీదు తప్పనిసరి చేసేసింది. కొందరి కక్కుర్తికి అందరికీ పోయింది. మన దగ్గరికొస్తే, అక్కడ కొన్న రాడ్‌కి వారంటీ మామూలుగా అక్కడే, పంపే ఖర్చు కూడా మనదే. అంత పొడుగు పార్సిలు అమెరికా పంపే డబ్బులకి ఇక్కడ ఇంకో రాడ్ వచ్చేస్తుందేమో లెక్క వేసుకోండి.

ఆన్‌లైన్‌లో తక్కువకి కొన్న ఫారిన్ రీల్ కూడా ఇదే తంతు. బ్రాండు ఒకటే అయినా జపాన్ మార్కెట్ కోసం తయారైన పీసుకి ఇక్కడి డిస్ట్రిబ్యూటరు బాధ్యుడు కాడు. కొనేముందు డబ్బా చూడండి, దిగుమతి చేసిన ప్యాకెట్ మీద ఇంపోర్టరు పేరు, అడ్రసు, ఎంఆర్‌పీ, కంప్లయింటుకి నంబరు ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమాడిటీస్ రూల్సే చెప్తున్నాయి. ఆ స్టిక్కరు లేదంటే రేపు వెళ్లడానికి గుమ్మం లేదు.

అపోహ (ఇది మా షాపులవాళ్లది): బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చేస్తే చాలు

చాలదు తమ్ముడూ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జులై నుంచి అమల్లో ఉంది, లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు, రాయకపోతే 30 రోజులు. అసలు బిల్లే ఇవ్వకపోవడం కూడా అదే లెక్క. నాకు తెలిసిన ఒకాయన బిల్లు అడిగితే మొహం చిట్లిస్తాడు, ఇలాంటివాళ్ల వల్లే కస్టమర్లు ముందే గొంతు పెంచి లోపలికి వస్తున్నారు.

కస్టమర్లకి కూడా ఇది గుర్తుండాలి, చట్టం మాట్లాడేది లోపం గురించి, అరుగుదల గురించి కాదు. నిజంగా లోపముండి షాపూ కంపెనీ రెండూ పట్టించుకోకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కేసు వెయ్యాలంటే రెండేళ్ల లోపు వెయ్యాలి, 5 లక్షల లోపు సరుకైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. వేట మీదే బతికే మన ఫైబర్ బోటువాళ్లు "మాది వ్యాపారం కదా, మాకు వర్తించదేమో" అంటారు, సొంత కష్టంతో పొట్ట పోసుకోవడానికి కొన్నదైతే వర్తిస్తుంది. వల కొన్నా సరే, ముడులు జారిపోతున్న కొత్త వల లోపమున్న సరుకే. అదే వల ఏడాది పాటు రాళ్ల మీద లాగి కన్నాలు పడ్డాయంటే, దానికి సూదీ దారమే దిక్కు.

అపోహ: గట్టిగా అరిస్తే, సింగిల్ స్టార్ రివ్యూ పెడితే పనవుతుంది

కౌంటర్ దగ్గర కుర్రాడికి మార్చి ఇచ్చే అధికారం ఉండదు, వాడు పంపే మెయిలు చదివి నిర్ణయించేది ఎక్కడో ఇంకొకాయన. ఆయన ముందు మీ అరుపు పనిచెయ్యదు, మీరిచ్చిన వివరాలు పనిచేస్తాయి. మోడల్ కోడు (రీల్ పాదం మీద ఉంటుంది చాలావాటికి), బిల్లు ఫొటో, ఏ లైన్ వాడారు, ఎప్పుడు మొదలైంది, చప్పుడు వినపడేలా పది సెకన్ల వీడియో. ఇంతే. బిల్లు పోతే యూపీఐ హిస్టరీ తీయండి, తేదీ తెలిస్తే చాలా షాపులు డూప్లికేట్ తీసిస్తాయి. అబద్ధం మాత్రం చెప్పకండి. "ఒక్కసారే వాడాను" అన్న రీల్‌లోంచి గుప్పెడు ఇసక రాలితే, ఆ తర్వాత మీరు చెప్పే నిజం కూడా నమ్మబుద్ధి కాదు.

అపోహ: వారంటీ అయిపోయింది, ఇక పారెయ్యడమే

అసలు కస్టమర్ సర్వీసు మొదలయ్యేదే ఇక్కడ. నన్నడిగితే రెండేళ్ల వారంటీ ఉండి స్పేర్లు దొరకని రీల్ కంటే, ఏడాదే ఉండి పదేళ్ల దాకా పార్టులు దొరికేది నయం. కొనేటప్పుడు బేరింగులెన్ని అని అడుగుతారు, డ్రాగ్ వాషర్ సెట్టు దొరుకుతుందా అని ఒక్కరూ అడగరు. బేరింగులు కొలత ప్రకారం బయట దొరుకుతాయి, కార్బన్ డ్రాగ్ వాషర్లు కోసి వెయ్యొచ్చు, బెయిల్ స్ప్రింగు సర్దొచ్చు. మెయిన్ గేరు పోతే మాత్రం పినియన్‌తో (దానికి జతగా తిరిగే చిన్న గేరుతో) కలిపి జంటగా మార్చాలి, ఒకటే మారిస్తే పాత పళ్లు కొత్తదాన్ని తినేస్తాయి. చవక రీళ్లకి ఆ గేర్లు దొరకవు, దొరికినా రీల్ ధరలో సగం పైగా అవుతుంది, అప్పుడు వదిలెయ్యమని నేనే చెప్తా.

కొరియర్‌లో పంపేవాళ్లు లైన్ తీసేసి పంపండి, హ్యాండిల్ విప్పి విడిగా చుట్టండి, కంప్లయింటు ఏంటో ఓ కాయితం మీద రాసి ఫోన్ నంబరుతో సహా డబ్బాలో పెట్టండి. ఖర్చు ఎంతో ఫోన్ చేసి చెప్పాకే చెయ్యి పెడతాను. తీసేసిన పాత పార్టులు అదే డబ్బాలో వెనక్కి వస్తాయి, నా దగ్గరే కాదు, ఎక్కడ చేయించినా అడిగి తీసుకోండి.