సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు విడిభాగాలు: అపోహలు – వాస్తవాలు

పాత స్పోర్ట్స్ కార్ల విడిభాగాలు అమ్మే కౌంటర్‌లో పనిచేసేవారికి దాదాపు రోజూ ఒకే రకమైన ఫోన్ వస్తుంది. ఫలానా మోడల్, ఫలానా సంవత్సరం, ముందు బ్రేక్ ప్యాడ్లు ఉన్నాయా అని అడుగుతారు. ఛాసిస్ నంబర్ చెప్పమంటే, "మోడల్ చెప్పాను కదండీ, ఇంకా నంబరెందుకు?" అని విసుక్కుంటారు. ఆ నంబర్ అడగకుండానే "ఉన్నాయి, పంపిస్తాం" అనే అమ్మకందారులకూ కొదవ లేదు. నా వృత్తిలో నకిలీ సామాను వల్ల జరిగిన నష్టాలు చూశాను, మోసాలూ చూశాను. అయితే మోడల్, సంవత్సరం చెబితే చాలుననే నమ్మకం వల్ల జనం పోగొట్టుకున్న డబ్బు వాటన్నింటికంటే ఎక్కువ. అందుకే ముందుగా దాని సంగతి చూసి, మిగిలిన అపోహలను త్వరగా ముగిస్తాను.

అపోహ: మోడల్, సంవత్సరం ఒకటే అయితే పార్ట్ సరిపోతుంది.

వాస్తవం: కారు తయారైన తేదీ వేరు, కంపెనీ దానికి ఇచ్చిన మోడల్ ఇయర్ వేరు, రిజిస్ట్రేషన్ తేదీ వేరు. ఏడాది చివర్లో తయారైన కారు తరచుగా మరుసటి ఏడాది మోడల్‌గా లెక్కకు వస్తుంది; అది అమ్ముడుపోక షోరూంలో ఉండిపోతే రిజిస్ట్రేషన్ ఇంకా ఆలస్యమవుతుంది. పైగా కంపెనీలు మార్పులు చేయడానికి కొత్త సంవత్సరం వచ్చేదాకా ఆగవు. ఫలానా ఛాసిస్ నంబర్ వరకు పాత పార్ట్, ఆ తర్వాతి నంబర్ నుంచి కొత్త పార్ట్ అని కేటలాగులో రాసి ముందుకు సాగిపోతాయి.

మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5నే చూడండి. తొలినాళ్ల 1.6 లీటర్ ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) ముందు కొస పొట్టిగా ఉండేది. 1991లో దానిని పొడుగు చేశారు. పైనుంచి చూస్తే ఇంజిన్ ఒక్కలాగే కనిపిస్తుంది, కానీ క్రాంక్ పుల్లీ (ఆ కొసకు బిగించే బెల్టు చక్రం), దాని బోల్ట్ పొట్టిదానికి వేరు, పొడుగుదానికి వేరు. తేడా తెలియాలంటే బానెట్ ఎత్తి, ఇంజిన్ ముందు వైపు టార్చ్ వేసి, పుల్లీలో ఉన్న గాడులను లెక్కపెట్టాలి. నాలుగు ఉంటే పొట్టి క్రాంక్, ఎనిమిది ఉంటే పొడుగు క్రాంక్. ఈ లెక్క చెప్పకుండా "1991 మోడల్ అండీ" అని ఊరుకుంటే, రెండింటిలో ఏది పంపాలో ఎదుటివాడు ఊహించుకోవలసిందే.

దేశాన్ని బట్టి వచ్చే తేడా ఇంకొకటి. 2006లో అమెరికాలో అమ్మిన హోండా ఎస్2000లో 2.2 లీటర్ ఇంజిన్ ఉంటుంది. అదే ఏడాది యూరప్‌లో అమ్మిన కారులో 2.0 లీటర్ ఇంజిన్ ఉంటుంది. పేరూ సంవత్సరమూ ఒకటే అయినా ఇంజిన్ సామాను విషయంలో ఆ రెండింటినీ వేర్వేరు కార్లుగానే చూడాలి. స్టీరింగ్ కుడివైపు ఉన్న కార్లకు, ఎడమవైపు ఉన్న కార్లకు స్టీరింగ్ ర్యాక్, వైపర్ లింకేజీ వేరని చాలామందికి తెలుసు గాని, హెడ్‌ల్యాంపు వెలుగు పడే తీరు కూడా వేరని ల్యాంపు బిగించి రాత్రి రోడ్డెక్కి, ఎదురొచ్చేవాడు లైట్లు కొట్టేదాకా గుర్తించరు.

అన్నిటికంటే ఖరీదైన ఉదాహరణ పోర్షే 986 బాక్‌స్టర్ (తొలి తరం బాక్‌స్టర్), 996 (ఒక తరం పోర్షే 911) కార్లలోని ఎం96 ఇంజిన్‌ది. అందులో ఇంటర్మీడియట్ షాఫ్ట్‌కు (క్రాంక్‌షాఫ్ట్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌లకు కదలిక అందించే ఇరుసుకు) తొలినాళ్లలో రెండు వరుసల బేరింగ్ వేశారు, తర్వాత ఒకే వరుస బేరింగ్‌కు మారారు. 2000, 2001 మోడల్ కార్లలో ఈ రెండింటిలో ఏదైనా ఉండవచ్చు. గేర్‌బాక్స్ దింపి, క్లచ్, ఫ్లైవీల్ విప్పి, బేరింగ్ మీది కవర్ ఆకారం చూస్తే తప్ప ఖాయంగా చెప్పడం కుదరదు. మధ్యలో ఎవరైనా ఇంజిన్ మార్చి ఉంటే సంవత్సరం అనే ఆధారం పూర్తిగా పోతుంది. ఈ పని తెలిసిన మెకానిక్ కవర్‌ను కళ్లారా చూశాకే బేరింగ్ మార్చే కిట్‌కు ఆర్డర్ ఇస్తాడు. తెలియనివాడు కిట్ ముందే తెప్పించి, కారు లిఫ్ట్ మీద ఉండగా సరిపోలేదని ఫోన్ చేస్తాడు.

కాబట్టి ఛాసిస్ నంబర్ తప్పనిసరి. 1981 తర్వాతి కార్లలో చాలావరకు అది 17 అక్షరాలు, అంకెల వరుస. అందులో ఇంగ్లీషు అక్షరాలు ఐ, ఓ, క్యూ వాడరు. ఓ లాగా కనిపించేది సున్నా, ఐ లాగా కనిపించేది ఒకటి. దానిని కాగితం మీద రాసి చదివే బదులు, ప్లేటును ఫొటో తీసి పంపితే సగం తప్పులు తప్పుతాయి.

అయితే సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు విషయంలో ఛాసిస్ నంబర్ ఒక్కటీ చాలదు. కారు ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికి వచ్చిందో మాత్రమే అది చెబుతుంది. పాత యజమానులు దానికి ఏమేం చేశారో చెప్పదు. కుటుంబ కారును ఉన్నది ఉన్నట్టు వాడతారు, స్పోర్ట్స్ కారును మాత్రం కొన్నవారందరూ ఏదో ఒకటి మారుస్తారు.

ఒక యువకుడు 1.6 లీటర్ ఎంఎక్స్-5 కొని, ఛాసిస్ నంబర్ ప్రకారమే బ్రేక్ ప్యాడ్లు వేరేచోట తెప్పించుకున్నాడు. అవి సరిపోలేదు. నకిలీవేమోనని తిప్పిపంపి, మరో కంపెనీవి తెప్పిస్తే అవీ సరిపోలేదు. ఈలోగా స్నేహితులెవరో "ఛాసిస్ నంబర్ మార్చిన కారు అంటగట్టారు, పోలీసు కేసవుతుంది" అని భయపెట్టారు. మా దగ్గరికి వచ్చేసరికి అతను ప్యాడ్ల సంగతి మరిచిపోయి, కారు ఎలా వదిలించుకోవాలో ఆలోచిస్తున్నాడు. చక్రం విప్పించి డిస్క్ వ్యాసం కొలిచాము. 1.6 కారుకు ముందు డిస్క్ 235 మిల్లీమీటర్లు ఉండాలి; దీనిది 255 ఉంది. అంటే 1.8 కారు కాలిపర్లు (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగాలు), డిస్కులు పాత యజమాని ఎవరో వేయించాడు. ఆ కారుకు చాలామంది చేయించే మార్పే అది, మంచి మార్పు కూడా. 1.8 ప్యాడ్లు ఇస్తే చేత్తో నెట్టగానే కూర్చున్నాయి. ఒక్క టేపు కొలతతో తేలే విషయాన్ని నేరం దాకా తీసుకుపోయిన ఆ స్నేహితుల మీద నాకు ఇప్పటికీ కోపమే.

బ్రేకులు, క్లచ్, సస్పెన్షన్, ఎగ్జాస్ట్, చక్రాలు: ఈ ఐదింటిలో ఏది కొనాలన్నా ఛాసిస్ నంబర్‌తో పాటు, బండి మీద ఇప్పుడున్న వస్తువు కొలతలు, ఫొటోలు కూడా పంపండి. ఫొటోలో పక్కన ఒక స్కేలు పెట్టండి. ఇంకో జాగ్రత్త: లోహం మీద ఉబ్బెత్తుగా పోతపోసి ఉన్న నంబర్‌ను చాలామంది పార్ట్ నంబర్ అనుకుంటారు. అది పోత అచ్చు నంబర్ కావచ్చు. ఒకే అచ్చులో పోసిన ముక్కలను వేర్వేరుగా మెషినింగ్ చేసి (యంత్రం మీద చెక్కి) వేర్వేరు పార్టులుగా అమ్మడం మామూలే.

అపోహ: మోడల్ ఆగిపోయింది కాబట్టి పార్టులు ఇక దొరకవు.

వాస్తవం: కారును చవగ్గా కొట్టేయాలనుకునే బ్రోకర్లకు ఈ మాటంటే ఎంతో ఇష్టం. కంప్యూటర్‌లో "లేదు" అని వచ్చిందంటే చాలాసార్లు పాత పార్ట్ నంబర్ రద్దయి, దాని స్థానంలో కొత్త నంబర్ వచ్చిందని మాత్రమే అర్థం. ఈ నంబర్ దేనితో భర్తీ అయిందో చూడమని అడగండి. చివరి రెండంకెలో, ఒక అక్షరమో మారిన పార్ట్ గోడౌన్‌లో ఉండవచ్చు. రెండో దారి, అదే వస్తువు వాడిన వేరే కారు. మొదటి తరం లోటస్ ఎలీజ్‌లో ఉన్నది రోవర్ కె-సిరీస్ ఇంజిన్. ఇంజిన్ సామాను కోసం రోవర్ కార్ల కేటలాగు తిరగేయాలి. జాగ్వార్ ఎక్స్‌జె220 వెనుక లైట్లు రోవర్ 200వి, 1999 తర్వాతి లాంబోర్గిని డియాబ్లో హెడ్‌ల్యాంపులు నిస్సాన్ 300జెడ్ఎక్స్‌వి. తొలి 996 ముందు భాగంలో చాలా సామాను బాక్‌స్టర్‌ది కూడా.

మూడో దారి కంపెనీలే తెరిచాయి. నిస్సాన్ 2017లో ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్ కోసం నిస్మో హెరిటేజ్ పార్ట్స్ మొదలుపెట్టింది, టొయోటా 2020 నుంచి ఏ70, ఏ80 సుప్రాల పార్టులు కొన్నింటిని మళ్లీ తయారు చేయిస్తోంది, మజ్దా తొలి తరం ఎంఎక్స్-5 సామాను కొంత తిరిగి తెచ్చింది. కంపెనీ ఎన్నడూ విడిగా అమ్మని వస్తువును బయటివారు తయారు చేసిన సందర్భాలూ ఉన్నాయి. పైన చెప్పిన పోర్షే బేరింగ్ అలాంటిదే.

దీనికి ఎదురుగా మరో పుకారు ఉంది: మోడల్ ఆగిన పదేళ్ల వరకు పార్టులు అమ్మాలని కంపెనీలకు చట్టం ఉందట. ఎక్కువగా అమెరికా పేరు చెప్పి దీన్ని ప్రచారం చేస్తారు. అక్కడి ఫెడరల్ చట్టంలో అటువంటి సాధారణ నియమం ఏదీ లేదు.

అపోహ: కార్ల కంపెనీ డబ్బాలో ఉన్నదే ఒరిజినల్, మిగిలినవన్నీ డూప్లికేట్.

వాస్తవం: కార్ల కంపెనీలు చాలా సామాను బయటి తయారీదారుల నుంచి కొంటాయి: బ్రేకులు బ్రెంబో, గేర్‌బాక్స్ జెడ్ఎఫ్, డాంపర్లు బిల్‌స్టైన్, క్లచ్ సాక్స్, ఇంజెక్షన్ బాష్. కార్ల కంపెనీ తన లోగో వేసుకుని అమ్మే వస్తువును అసలు తయారీదారు తన డబ్బాలో తక్కువ ధరకు అమ్మడం పరిపాటి. లెమ్‌ఫోర్డర్ కంపెనీ సస్పెన్షన్ ఆర్మ్ మీద కార్ల కంపెనీ గుర్తు ఉండాల్సినచోట గీకేసిన మచ్చ చూసి నకిలీ అని గాభరాపడుతుంటారు; లోగో వాడుకునే హక్కు లేకనే తయారీదారు దానిని చెరిపి అమ్ముతాడు. అలాగని పేరు ఒకటైతే సరుకు ఒకటే అనుకోనక్కర్లేదు. ఒకే కంపెనీ ప్యాడ్లలోనే రాపిడి పదార్థం మారవచ్చు. నిజమైన నకిలీలు తరచూ మార్చే వస్తువుల్లో, అంటే ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, ప్యాడ్లలో కనిపిస్తాయి. వాటిని తెలిసిన డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొనండి.

అపోహ: డబ్బా విప్పని పాత స్టాకు కొత్తదానితో సమానం.

వాస్తవం: లోహమైతే తుప్పు పట్టలేదని చూసుకుని తీసుకోవచ్చు. రబ్బరు మాత్రం డబ్బాలో ఉన్నా ముసలిదవుతుంది. ఇరవై ఏళ్ల నాటి బుష్‌లు, హోస్‌లు, సీళ్లు ఎంత మెరుస్తున్నా వద్దు. టైరు పక్కగోడ మీద నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి, చూడకుండా కొనకండి.

అపోహ: స్క్రాప్ యార్డులో విప్పిన సామాను ముట్టుకోకూడదు.

వాస్తవం: తలుపులు, సీట్లు, లైట్లు, గేర్‌బాక్స్ కేసింగ్ నిశ్చింతగా తీసుకోవచ్చు. బ్రేక్ డిస్క్ తీసుకుంటే దాని మీద ముద్రించిన కనీస మందం చూసి, మైక్రోమీటర్‌తో కొలవండి. ఎయిర్‌బ్యాగ్ వద్దు, తకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలో (బ్యాగును ఉబ్బించే భాగాల్లో) గ్యాస్ పుట్టించే మందు వేడికి, తేమకు చెడిపోయి పేలినప్పుడు ప్రాణాలే పోయాయి, పాత ఎయిర్‌బ్యాగ్ ఏ కారుదో తెలియకపోతే రీకాల్‌లో (కంపెనీ వెనక్కి పిలిచినవాటిలో) ఉందో లేదో తేల్చలేము. ఇంజిన్ కంప్యూటర్ తీసుకుంటే, అదే కారు ఇమ్మొబిలైజర్ యూనిట్ (సరైన తాళంచెవి లేనిదే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని పరికరం), తాళంచెవి కూడా కలిపి అడగండి. అవి ఒకదానికొకటి జత చేసి ఉన్న కార్లలో విడిగా తెచ్చిన కంప్యూటర్‌ను ఎవరైనా కోడింగ్ చేసి ఇచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ కాదు.