ఇంజెక్షన్ వేస్తే చేప గుడ్లు పెట్టేస్తుందా?

కైకలూరు దగ్గర ఓ కార్ప్ హ్యాచరీలో పని నాది, అంటే బొచ్చె, శీలావతి లాంటి చేపలతో గుడ్లు పెట్టించి పిల్లలు తీసే చోటు. మృగశిర కార్తె దగ్గర పడిందంటే మాకూ నిద్ర ఉండదు, ఫోన్‌కూ ఉండదు. ఫోన్ చేసేవాళ్లలో ఇరవై ఏళ్లుగా చెరువులు చూస్తున్న రైతులూ ఉంటారు, నిన్నగాక మొన్న లీజుకు తీసుకున్న కుర్రాళ్లూ ఉంటారు. అడిగేవి మాత్రం అవే నాలుగైదు మాటలు.

"చేపలు జనతో ఉన్నాయండీ, గట్టి వాన పడితే చెరువులోనే పెట్టేస్తాయి"

పెట్టవు. బొచ్చె, శీలావతి, మోసు మూడూ నది చేపలు. చెరువులో జన కట్టడం, అంటే కడుపులో గుడ్లు పట్టడం వరకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆడచేప పొట్ట నిండుతుంది, గుడ్డు దాదాపు సిద్ధమవుతుంది, అక్కడ ఆగిపోతుంది. వరద నీరు, పారకం, నీళ్లు చల్లబడటం అన్నీ కలిసి నదిలో ఇచ్చే కబురు చెరువులో దానికి అందదు. సీజన్ దాటితే ఆ గుడ్లను చేప ఒళ్లే తిరిగి పీల్చేసుకుంటుంది.

అలాగని ఈ మాట పుట్టిందీ ఊరికే కాదు. పశ్చిమ బెంగాల్లో బాంకురా, మిడ్నపూర్ వైపు 'బంధ్' అనే చెరువులుంటాయి. ఎగువ మెరకల మీద కురిసిన వాన పారుకుంటూ వచ్చి వాటిలో పడుతుంది. అక్కడ ఇవే చేపలు గుడ్లు పెడతాయి. మన కొల్లేరు చుట్టుపక్కల చెరువంటే నాలుగు గట్ల మధ్య నిలిచిన నీళ్లు. పైనుంచి ఎంత కురిసినా పారేది లేదు కదా.

"ఇంజెక్షన్ వేస్తే గుడ్లు తయారవుతాయి, పెట్టకపోతే డోసు పెంచాలి"

ఎక్కువ చేపల్ని చంపింది ఈ నమ్మకమే. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు ఈ చేపలతో మొదటిసారి గుడ్లు పెట్టించారు. జాతీయ మత్స్య రైతుల దినోత్సవం ఆ రోజున జరుపుకొనేది అందుకే. వాళ్లు చేసిందల్లా మరో చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని తీసి, నూరి, ఆ రసాన్ని ఎక్కించడం. నది ఇవ్వాల్సిన కబురును సూదితో ఇచ్చారు, అంతే.

ఇప్పుడు రెడీమేడ్ మందులొచ్చాయి. వాటిలో రెండు పదార్థాలుంటాయి. ఒకటి హార్మోన్ వదలమని పిట్యూటరీకి చెబుతుంది. చేప ఒంట్లో డోపమైన్ అనే రసాయనం దానికి బ్రేకులా అడ్డుపడుతుంది కాబట్టి ఆ బ్రేకు తీయడానికి రెండోది. మనం వాంతులకు వేసుకునే మాత్రలో ఉండే డోమ్‌పెరిడోన్ అదే! ఈ రెంటిలో ఏదీ గుడ్డును తయారుచెయ్యదు. గుడ్డు తయారయ్యేది అంతకు నాలుగైదు నెలల ముందు నుంచి, తల్లి చేపల చెరువులో. పల్చగా వదలాలి, మంచి మేత పెట్టాలి, నీళ్లు మారుస్తూ ఉండాలి. అది చేయకుండా జూన్‌లో మందు సీసా పట్టుకుంటే లాభం లేదు.

నేను చేరిన మొదటి సీజన్‌లో పొట్టలు చూసి మురిసిపోయి ఎనిమిది శీలావతి ఆడచేపలను ఏరాను. సాయంత్రం సూది వేశాం. తెల్లారి చూస్తే తొట్టెలో ఒక్క గుడ్డు లేదు, అడుగున పెంట మాత్రం ఉంది. మా పెద్ద మేస్త్రి ఒక చేపను వెల్లకిలా తిప్పి పొట్ట నొక్కి చూపించాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఇది జన కాదురా, తవుడు." మేత పొట్ట ముందువైపే ఉబ్బి ఉంటుంది. జన పొట్ట మెత్తగా, మలద్వారం దాకా నిండుగా ఉంటుంది. ఆ ఏడాది నుంచి ఏరడానికి ముందు రోజు మేత ఆపేస్తున్నాను.

ఇప్పుడు పొట్టనొక్కటే నమ్మను. సన్నటి గొట్టంతో నాలుగు గుడ్లు లాగి, గుడ్డు లోపల కనబడేలా చేసే ద్రావణంలో వేసి చూస్తాను. లోపలి కేంద్రకం మధ్యలోనే ఉంటే ఆ చేపను మళ్లీ చెరువులో వదిలేస్తాను. పక్కకు జరిగి ఉంటేనే సూది. శీలావతి ఆడచేపకు కిలోకు ఆ రెడీమేడ్ మందు 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు చాలు. దానికి కదలని చేప రెట్టింపుకూ కదలదు. కదిలినా జన సగంలో అడ్డుపడి చచ్చిపోవచ్చు.

"మగచేప ఏదైనా ఒకటేలే"

కాదు. సీజన్‌లో మగ శీలావతి మొప్పల వెనక రెక్క మీద వేలు జరిపితే గరుకు తగులుతుంది, ఆడదానిది నున్నగా ఉంటుంది. పొట్ట కొంచెం నొక్కగానే చిక్కటి పాలు (మగచేప వీర్యం) కారాలి. నీళ్లలా కారితే పక్కన పెట్టేస్తాను. ఒక ఆడచేపకు రెండు మగవి వేస్తాం. అర్ధరాత్రి దాటాక అవి ఆడదాన్ని తరుముతుంటే తొట్టె గోడకు నీళ్లు టపటపా కొట్టుకునే చప్పుడు షెడ్డు దాకా వినిపిస్తుంది. ఆ చప్పుడు మొదలైతేనే నాకు టెన్షన్ తగ్గేది. పొద్దున గుడ్లు నీళ్లు పీల్చి గాజు పూసల్లా కనబడితే మగవి పని చేసినట్టు. తెల్లగా సున్నపు చుక్కల్లా మారినవి ఫలదీకరణ కానివి.

"పెంచే చేపలన్నిటికీ సూది కావాలి"

బంగారు తీగకు అక్కర్లేదు, నీళ్లలో నాచు ఉంటే దానికి అంటించి పెట్టేస్తుంది. తిలాపియాతో గొడవ ఇంకోలా ఉంటుంది. మూడు నాలుగు నెలలకే ఈడుకొచ్చి, గుడ్లను నోట్లో పెట్టుకుని పొదిగి, చెరువంతా పిల్లలతో నింపేస్తుంది. దాన్ని ఆపలేకే అన్నీ మగవి ఉండే సీడ్ (చేపపిల్లలు) వేసేది.

ఇంజెక్షన్ చేప తింటే ప్రమాదమా అని పట్నంలో బంధువులు అడుగుతుంటారు. కార్ప్‌లో సూది పడేది తల్లికీ తండ్రికీ మాత్రమే. మీ పళ్లెంలోకి వచ్చేది వాటి పిల్ల.

"ఒక్క తల్లి లక్షల గుడ్లు పెడుతుంది, నాలుగు తల్లులుంటే చాలు"

లెక్కకు చాలు. కానీ ఆ పిల్లల్లోంచే మళ్లీ తల్లుల్ని ఏరి, ఏటా అదే చేస్తే చెరువంతా అన్నాచెల్లెళ్లే అవుతారు, ఎదుగుదల పడిపోతుంది. అందుకే బయటి నుంచి వేరే మందను తెచ్చి కలుపుతాం. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా ఎంపిక పద్ధతిలో తయారుచేసిన శీలావతి రకం 'జయంతి రోహు' రైతులకు తెలిసిన పేరే.

దీనికంటే నాకు చిరాకు తెప్పించేది ఇంకోటుంది. బొచ్చె మగవి దొరకని రోజు ఆర్డర్ పోకూడదని శీలావతి మగదాన్ని జత చేసేస్తారు. సంకరమైతే గొడ్డుపోతుందిలే, నష్టమేముంది అంటారు. ఈ చేపల్లో సంకర పిల్లలు గొడ్డుపోవు, అవీ జన కడతాయి. మొన్న ఓ రైతు తల్లి చేపలంటూ వ్యానులో తెచ్చాడు. తల చూస్తే బొచ్చె, ఒళ్లు చూస్తే శీలావతి. పొట్ట నిండా జన. వెనక్కి తీసుకెళ్లమన్నాను.