విశాఖ షెల్టర్ల వెనక నలభై ఏళ్ల కథ

ఇల్లు లేనివాళ్ల గురించి దేశాలన్నీ కలిసి ఆలోచించాలన్న మాట మన పొరుగు నుంచే వచ్చింది. 1980లో శ్రీలంక ప్రధాని ప్రేమదాస ఐక్యరాజ్యసమితిలో ఆ ప్రతిపాదన పెట్టారు. 1982లో సర్వప్రతినిధి సభ 1987ను నిరాశ్రయుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదిని ఎవరెలా వాడుకున్నారన్నదే అసలు సంగతి.

ఫిన్లాండ్ మనుషుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మొదటి లెక్కలో 18 వేల పైచిలుకు తేలారు. అప్పట్నుంచి ఏటా లెక్కిస్తూనే ఉంది. 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త ఒక పద్ధతి మొదలుపెట్టారు: ముందు ఇల్లు, వైద్యం, తాగుడు మాన్పించడం వగైరా తర్వాత. 2008లో ఫిన్లాండ్ దాన్ని ప్రభుత్వ విధానం చేసుకుంది. హెల్సింకిలో సాల్వేషన్ ఆర్మీ నడిపే 250 పడకల వసతి గృహాన్ని 80 అద్దె ఫ్లాట్లుగా మార్చేశారు. 2023కి నిరాశ్రయుల సంఖ్య 3,429కి దిగింది. మరుసటేడు మళ్లీ కాస్త పెరిగిందనుకోండి.

మనం 1988లో జాతీయ గృహ విధానం రాసుకున్నాం. అందులో తప్పేమీ లేదు. కాకపోతే మన విధానాలన్నీ స్థలం, పట్టా, రుణం చుట్టూనే తిరిగాయి. విశాఖలో ఇవాళ్టికీ ఇల్లు లేని పేదలంటే నాయకుల దృష్టిలో అద్దె గదిలో ఉంటూ పట్టా కోసం ఎదురుచూసేవాళ్లే. పూర్ణా మార్కెట్ అరుగు మీద పడుకునే కళాసీ ఆ జాబితాలోకి రాడు. దరఖాస్తులో రాయడానికి అతనికి చిరునామాయే లేదాయె. ఆ దగ్గర్లోనే బ్రిటిష్ కలెక్టర్ పేరు మీద టర్నర్ సత్రం ఉంది. కానీ సత్రం బాటసారి కోసం కట్టింది. ఈ ఊళ్లోనే బతుకుతూ గూడు లేనివాడి కోసం కట్టినవేవీ చాలాకాలం లేవు.

అలాంటివి కట్టే పని సుప్రీంకోర్టు వల్ల మొదలైంది. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీలో ఒక తాత్కాలిక షెల్టర్‌ని, అంటే నిరాశ్రయులు తలదాచుకునే వసతిని, కూల్చేశారు. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన, అప్పటికే నడుస్తున్న ఆహార హక్కు కేసులోకి ఆ విషయం వచ్చింది. లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున, ఏడాది పొడవునా, ఇరవైనాలుగు గంటలూ నడపాలని 2010లో కోర్టు చెప్పింది. 2013లో కేంద్రం దాన్ని పట్టణ జీవనోపాధి మిషన్‌లో పథకం చేసింది: లక్షకు వంద మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు. 2011 లెక్కల ప్రకారం విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) జనాభా 17.28 లక్షలు. అంటే 17 షెల్టర్లు, 1,700 మందికి చోటు ఉండాలి. ఈ లెక్కకు మూలం ఊరి జనాభాయే తప్ప నిరాశ్రయుల సంఖ్య కాదు. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి పనికో, కేజీహెచ్‌లో వైద్యానికో వచ్చి ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లు ఇందులో ఎక్కడా కనపడరు.

మరి వాళ్లని లెక్కించేదెవరు? జనగణన వాళ్లు ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కసారి తిరుగుతారు. 2011లో దేశంలో 17.7 లక్షల మంది, ఉమ్మడి రాష్ట్రంలో 1.45 లక్షల మంది తేలారు. ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీదే నిద్రపోయేవాడిని ఏ గడిలో రాయాలి?

ఇలాంటి చిక్కు అన్ని దేశాల్లోనూ ఉంది. 2014లో షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయంలో ప్రపంచ నిరాశ్రయత అధ్యయన సంస్థ ఒకటి ఏర్పడింది. అసలు చోటే లేనివాళ్లు, తాత్కాలిక వసతిలో ఉన్నవాళ్లు, ఉండటానికి పనికిరాని లేదా భద్రత లేని గూట్లో ఉన్నవాళ్లు అని మూడు వర్గాలు చేసి, ఏ దేశమైనా వాడుకోదగ్గ నిర్వచనం ఇచ్చింది. 2015 నాటి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో మాత్రం మురికివాడల కొలమానం ఉంది, నిరాశ్రయులది లేదు. ఇది చిన్న లోపం కాదు, కొలవనిదానికి డబ్బు రాదు. చివరికి 2021 డిసెంబరులో సర్వప్రతినిధి సభ నేరుగా నిరాశ్రయత మీద తీర్మానం చేసి, లెక్కలు సేకరించమని దేశాలను కోరింది. 1987 నుంచి చూస్తే ముప్పై నాలుగేళ్లు.

ఆ మూడు వర్గాల ప్రకారం విశాఖ షెల్టర్లో నిద్రపోతున్న మనిషి ఇంకా నిరాశ్రయుడే. మన మున్సిపల్ లెక్కల్లో మాత్రం అతని సమస్య తీరిపోయినట్టే. ఫిన్లాండ్ తన వసతి గృహాలను ఇళ్లుగా మార్చిన దశలో మనం ఇంకా షెల్టర్ల సంఖ్య దగ్గరే ఉన్నాం. తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. పాత పద్ధతే ఉంటే ఫిబ్రవరి 28 రాత్రి మళ్లీ తిరుగుతారు. షెల్టర్లు నడిపేవాళ్లను వెంట తీసుకెళితే ఏ అరుగు మీద ఎవరుంటారో వాళ్లు చూపిస్తారు.