చట్టం పేరుతో చెర: హక్కుల కార్యకర్తల నిర్బంధంపై అపోహలు - వాస్తవాలు

హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే) పిటిషన్లు, బెయిలు దరఖాస్తులు వాదించే న్యాయవాదిని నేను. ఒక హక్కుల కార్యకర్త అరెస్టయిన ప్రతిసారీ, అతన్ని విడుదల చేయాలని ఎవరైనా గొంతెత్తిన ప్రతిసారీ, చదువుకున్నవారి నుంచి, కొన్నిసార్లు తోటి న్యాయవాదుల నుంచి కూడా అవే అభ్యంతరాలు వినిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం దురుద్దేశంతో పుట్టినవి కావు. చట్టం ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూసే అవకాశం లేకపోవడం వల్ల పుట్టినవి. అందుకే వాటికి ఇక్కడ వివరంగా సమాధానం చెబుతున్నాను.

అపోహ: ఎఫ్ఐఆర్ ఉంది, సెక్షన్ ఉంది, కోర్టు రిమాండ్ కూడా ఇచ్చింది. అలాంటప్పుడు దాన్ని నిరంకుశ నిర్బంధం అనడం ఎలా కుదురుతుంది?

వాస్తవం: చట్టంలో ఒక సెక్షన్ దొరికినంత మాత్రాన నిర్బంధం న్యాయబద్ధం కాదు. ఎవరినీ నిరంకుశంగా అరెస్టు చేయరాదని, నిర్బంధించరాదని సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 9వ అధికరణ చెబుతుంది. భారతదేశం 1979లో చేరిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోనూ అదే హామీ ఉంది. నిరంకుశ నిర్బంధాలను పరిశీలించడానికి 1991లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి వర్కింగ్ గ్రూప్, అటువంటి నిర్బంధాలను ఐదు రకాలుగా విభజించింది. చట్టపరమైన ఆధారమే లేని నిర్బంధం వాటిలో ఒకటి మాత్రమే. మాట్లాడినందుకు, సంఘం పెట్టుకున్నందుకు, శాంతియుతంగా గుమిగూడినందుకు నిర్బంధించడం రెండో రకం. న్యాయమైన విచారణ నియమాలను తీవ్రంగా ఉల్లంఘించడం మూడోది. శరణార్థులను, వలస వచ్చినవారిని సమీక్షకు అవకాశం లేకుండా సుదీర్ఘకాలం ఉంచడం నాలుగోది, వివక్షతో నిర్బంధించడం ఐదోది. మన దేశంలో హక్కుల కార్యకర్తల కేసులు ఎక్కువగా రెండు, మూడు రకాల కిందికి వస్తాయి. అంటే కాగితాలన్నీ సక్రమంగా కనిపించే కేసులే.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన వైద్యుడు డాక్టర్ కఫీల్ ఖాన్ ఉదంతం చూడండి. 2019 డిసెంబరులో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగానికి ఆయన్ను మరుసటి నెలలో అరెస్టు చేశారు. ఫిబ్రవరి 10న బెయిలు మంజూరైంది. ఆయన బయటికి రాకముందే, ఫిబ్రవరి 13న, జాతీయ భద్రతా చట్టం కింద నిర్బంధ ఉత్తర్వు వెలువడింది. 2020 సెప్టెంబరు 1న అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ప్రసంగాన్ని పూర్తిగా చదివిన న్యాయమూర్తులకు అందులో ద్వేషాన్ని గానీ, హింసను గానీ ప్రేరేపించే ప్రయత్నం కనిపించలేదు. పైగా ఆ ప్రసంగం ఉన్న సీడీని ఆయనకు ఇచ్చారే తప్ప, దాన్ని వినడానికి సాధనం ఇవ్వలేదు. తనపై ఉన్న ఆధారమేమిటో వినలేని మనిషి దానికి జవాబు ఎలా రాయగలడు? చట్టం ఉంది, ఉత్తర్వు ఉంది, సంతకం ఉంది. అయినా ఆ నెలలన్నీ అన్యాయంగా గడిచిన నెలలే.

అపోహ: బెయిలు వస్తే మనిషి బయటికి వచ్చినట్టే.

వాస్తవం: నేరం చేయవచ్చన్న అనుమానంతో, విచారణ లేకుండానే మనిషిని జైల్లో ఉంచే ముందస్తు నిర్బంధ చట్టాల అసలు ఉపయోగం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. మన దగ్గర అందరూ పీడీ (ప్రివెంటివ్ డిటెన్షన్) యాక్ట్ అని పిలిచే 1986 నాటి చట్టం తెలంగాణలో ఎంత విరివిగా ప్రయోగమైందో హైకోర్టు న్యాయవాదులందరికీ తెలుసు. ఉత్తర్వును ప్రభుత్వం 12 రోజుల్లో ఆమోదించాలి, నిర్బంధానికి తగిన కారణముందో లేదో పరిశీలించే సలహా మండలికి 3 వారాల్లో పంపాలి, మండలి 7 వారాల్లో నివేదిక ఇవ్వాలి, గరిష్ఠంగా 12 నెలలు నిర్బంధించవచ్చు. ఆ మండలి ముందు న్యాయవాది ద్వారా వాదించుకునే హక్కు నిర్బంధితుడికి లేదు. ఆ మినహాయింపు రాజ్యాంగం 22వ అధికరణలోనే ఉంది. బెయిలు వచ్చిందన్న కారణంతో పీడీ యాక్ట్ పెట్టడం కుదరదని, బెయిలుపై అభ్యంతరం ఉంటే దాన్ని రద్దు చేయమని కోర్టును అడగాలని సుప్రీంకోర్టు 2021లో బంకా స్నేహ శీల కేసులో తెలంగాణ ప్రభుత్వానికి చెప్పింది. 2023లో అమీనా బేగం కేసులో ఇదే రాష్ట్రంలో ఈ చట్టాన్ని వాడుతున్న తీరును మరింత కటువుగా విమర్శించింది. ఈ రెండు కేసుల్లోనూ నిర్బంధితులు హక్కుల కార్యకర్తలు కారు, సాధారణ నేరారోపణలు ఉన్నవారు. అయినా వీటిని ప్రస్తావించడానికి కారణముంది. అనామకుల మీద అలవాటుగా మారిన ఆయుధం కార్యకర్తల మీదికి మళ్లడానికి ఎక్కువ కాలం పట్టదు.

అపోహ: తప్పు చేయకపోతే కోర్టు ఎలాగూ వదిలేస్తుంది. అప్పటిదాకా ఆగితే సరిపోతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. ఎందుకంటే ఇందులోని 'అప్పటిదాకా' ఎంత పొడవుంటుందో అనేవారికి తెలియదు.

మనం ఊపా అని పిలిచే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టానికి 2008లో చేర్చిన 43డి సెక్షన్ కింద, చార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజుల వరకు గడువు దొరుకుతుంది. ఆరోపణ పైకి నిజమని నమ్మడానికి సహేతుకమైన కారణాలున్నాయని కోర్టు భావిస్తే బెయిలు ఇవ్వకూడదని ఆ సెక్షన్ ఐదో ఉపవిభాగం నిర్దేశిస్తుంది. 2019లో వటాలీ కేసు తీర్పు తర్వాత, బెయిలు దశలో ప్రాసిక్యూషన్ పత్రాలను లోతుగా తూచి చూసే అవకాశం మరింత కుంచించుకుపోయింది. ఫలితంగా, నేరం నిరూపణ కాకముందే శిక్షాకాలమంత సమయం జైల్లో గడిచిపోతోంది.

అమలాపురంలో పుట్టి ఢిల్లీలో ఆంగ్లం బోధించిన జి.ఎన్. సాయిబాబా కథ తెలుగు పాఠకులకు కొత్త కాదు, కానీ తేదీలను వరుసగా పెట్టి చూసినవారు తక్కువ. పోలియో వల్ల చక్రాల కుర్చీకి పరిమితమైన, 90 శాతం వైకల్యమున్న ఆయన్ను మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న ఆరోపణపై ఊపా కింద 2014 మే 9న అరెస్టు చేశారు. మధ్యలో కొంతకాలం బెయిలుపై ఉన్నా, 2017 మార్చి 7న గడ్చిరోలి సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసినప్పటి నుంచి నాగపూర్ సెంట్రల్ జైలులోనే ఉన్నారు. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లో తల్లి చనిపోతే కడసారి చూపుకు కూడా పెరోల్ దొరకలేదు. 2022 అక్టోబరు 14న బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఆయన్నూ సహ నిందితులనూ విడుదల చేయమంది. మరుసటి రోజు, శనివారం, సుప్రీంకోర్టు ప్రత్యేకంగా సమావేశమై ఆ తీర్పును నిలిపేసింది. 2023 ఏప్రిల్‌లో కేసును మళ్లీ హైకోర్టుకే పంపింది. 2024 మార్చి 5న వేరే న్యాయమూర్తుల ధర్మాసనం రెండోసారి నిర్దోషిగా తేల్చింది, రెండు రోజులకు ఆయన విడుదలయ్యారు. అదే ఏడాది అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. సహ నిందితుల్లో ఒకరైన ఆదివాసీ యువకుడు మొదటి తీర్పుకు కొన్ని వారాల ముందే జైలు నిర్బంధంలో జబ్బుతో చనిపోయాడు.

కోర్టు వదిలేసింది, నిజమే. దాన్ని వ్యవస్థ పనిచేసిందనడానికి రుజువుగా చూపేవారితో నేను ఏకీభవించలేను.

అపోహ: సాయిబాబా లాంటివాళ్లు సాంకేతిక కారణాలతో బయటపడ్డారు.

వాస్తవం: సాయిబాబా కేసులో 2022 తీర్పు ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి అనే అంశంపై ఆధారపడింది. ఊపా 45వ సెక్షన్ ప్రకారం, సాక్ష్యాలను ఒక స్వతంత్ర అధికారి పరిశీలించి సిఫారసు చేశాక, ప్రభుత్వం అనుమతి ఇచ్చాకే కోర్టు కేసును విచారణకు స్వీకరించాలి. ఇంత కఠినమైన చట్టంలో నిందితుడికి పార్లమెంటు ఇచ్చిన అతి కొద్ది రక్షణల్లో ఇది ఒకటి. దాన్ని సాంకేతికమని కొట్టిపారేస్తే ఆ చట్టంలో ఇక మిగిలేది పోలీసు అధికారమే. ఇంకో సంగతి కూడా ఉంది. 2024 తీర్పు అనుమతి లోపంతో ఆగకుండా సాక్ష్యాలను కూడా పరిశీలించి, సందేహానికి అతీతంగా ప్రాసిక్యూషన్ తన కేసును నిరూపించలేకపోయిందని తేల్చింది. ఈ రెండో సగాన్ని చాలామంది చదవలేదు.

అపోహ: విడుదల చేయమని అడగడమంటే విచారణ ఆపమనడం, లేదా నిందితుల రాజకీయాలను సమర్థించడం.

వాస్తవం: ఈ రెండూ కాదు. మహారాష్ట్రలో 2018లో జరిగిన హింసకు సంబంధించిన భీమా కోరేగావ్ కేసులో విప్లవ కవి వరవరరావు 2018 నవంబరులో జైలుకు వెళ్లారు. కోవిడ్ కాలంలో ఆరోగ్యం బాగా క్షీణించాక, 2021 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు ఆరు నెలల వైద్య బెయిలు ఇచ్చింది. 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు కాలపరిమితి లేకుండా వైద్య బెయిలు మంజూరు చేసింది. కేసు అలాగే ఉంది. అనుమతి లేకుండా బృహన్ముంబై దాటకూడదన్న షరతుతో హైదరాబాద్‌లోని ఇల్లు ఆయనకు దూరమైంది. దీన్ని విచారణ ఆపడమని ఎవరంటారు? విచారణ ఎప్పటికి ముగుస్తుందో తెలియనప్పుడు, బెయిలుపై ఊపా ఆంక్షలున్నా, ప్రాణానికీ స్వేచ్ఛకూ హామీ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణ కింద రాజ్యాంగ న్యాయస్థానాలు (హైకోర్టులు, సుప్రీంకోర్టు) బెయిలు ఇవ్వవచ్చని 2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. విడుదల డిమాండ్ ప్రభుత్వ దయను కోరే విన్నపం కాదు. నేరాన్ని నిరూపించాల్సిన బాధ్యత నీది, నిరూపించేదాకా ఈ మనిషి స్వేచ్ఛపై నీకు హక్కు లేదు అని ప్రభుత్వానికి చట్టం భాషలోనే గుర్తుచేయడం. నిందితుడి భావాలతో నాకు ఏకీభావం ఉందా లేదా అన్న ప్రశ్నకు ఇందులో చోటు లేదు. పౌరహక్కుల ఉద్యమంలో కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ లాంటివారు జీవితాంతం కోర్టుల్లోనూ బయటా పట్టుకుని నిలబడ్డ సూత్రం కూడా ఇదే.

అపోహ: హక్కుల కార్యకర్త అనే ముద్ర ఉంటే అరెస్టు చేయకూడదా?

వాస్తవం: అలా ఎవరూ అడగడం లేదు. 1998 డిసెంబరు 9న ఐరాస సర్వసభ్య సభ ఆమోదించిన ప్రకటన ప్రకారం హక్కుల కార్యకర్త అన్నది పదవి కాదు, శాంతియుతంగా ఇతరుల హక్కుల కోసం చేసే పని. విలేఖరి, న్యాయవాది, ఊరిలో భూమి కోసం నిలబడ్డ ఆదివాసీ మహిళ, అందరూ అందులోకి వస్తారు. ఆ పని చేసినందుకు శిక్షించవద్దన్నదే కోరిక.

అపోహ: ఐరాస నిపుణుల ప్రకటనల వల్ల ఒరిగేదేమీ లేదు, అవి విదేశీ జోక్యం కూడా.

వాస్తవం: వర్కింగ్ గ్రూప్ అభిప్రాయాన్ని బలవంతంగా అమలు చేయించే యంత్రాంగం లేదన్నది నిజం. అది దాచాల్సిన విషయం కాదు. కానీ అది పత్రికా ప్రకటన లాంటిదీ కాదు. ఫిర్యాదు అందాక ప్రభుత్వానికి పంపి 60 రోజుల్లో జవాబు కోరుతారు; దేశంలోని కోర్టులన్నీ తిరిగాకే రావాలన్న నియమం లేదు. ప్రాణాపాయం ఉంటే అత్యవసర విజ్ఞప్తి మార్గం వేరుగా ఉంది. సాయిబాబా నిర్బంధం నిరంకుశమని వర్కింగ్ గ్రూప్ 2021లోనే చెప్పింది; హైకోర్టు రెండోసారి నిర్దోషిగా తేల్చింది 2024లో. 2021 నవంబరులో శ్రీనగర్‌లో అరెస్టయిన కశ్మీరీ హక్కుల కార్యకర్త ఖుర్రం పర్వేజ్ విషయంలో 2023లో అదే చెప్పింది. ఫాదర్ స్టాన్ స్వామి విషయంలో మాత్రం ఆ అభిప్రాయం ఆయన పోయాక వచ్చింది. భీమా కోరేగావ్ కేసులోనే 2020 అక్టోబరులో రాంచీలో అరెస్టయిన, పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడుతున్న 84 ఏళ్ల ఆ క్రైస్తవ మతగురువు 2021 జులై 5న ముంబై ఆసుపత్రిలో చనిపోయారు. ఆయన బెయిలు పిటిషన్ ఆ రోజే హైకోర్టులో విచారణకు వచ్చింది. ఇలాంటి అభిప్రాయాలు బెయిలు వాదనల్లో, పార్లమెంటు ప్రశ్నల్లో, చరిత్రలో ఆధారంగా నిలుస్తాయి. స్వచ్ఛందంగా ఒడంబడికలో చేరిన దేశాన్ని దాని మాట మీద నిలబడమనడం జోక్యమెలా అవుతుంది?

అపోహ: అరెస్టు కాగానే కుటుంబం మౌనంగా ఉంటే మంచిది, గొడవ చేస్తే కేసు బిగుసుకుంటుంది.

వాస్తవం: మొదటి 24 గంటలే అత్యంత విలువైనవి. ఆలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడం తప్పనిసరి. అరెస్టు మెమోపై సాక్షి సంతకం ఉండాలని, బంధువులకు తెలియజేయాలని, కస్టడీలో ప్రతి 48 గంటలకు వైద్య పరీక్ష జరగాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అరెస్టుకు కారణాలను లిఖితపూర్వకంగా ఇవ్వకపోవడం వల్లే 2024 మే 15న న్యూస్‌క్లిక్ వార్తా వెబ్‌సైట్ సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థ అరెస్టు, రిమాండ్ చెల్లవని సుప్రీంకోర్టు ప్రకటించింది. అది ఊపా కేసు. మేజిస్ట్రేటు రిమాండ్ ఉత్తర్వు ఇచ్చాక హెబియస్ కార్పస్‌కు సాధారణంగా తావుండదు కాబట్టి, మనిషిని తీసుకెళ్లి ఆచూకీ చెప్పని ఆ తొలి గంటల్లోనే టెలిగ్రాములకు బదులు ఈమెయిళ్లు వెళ్లాలి: జిల్లా జడ్జికి, హైకోర్టు రిజిస్ట్రార్‌కు, పోలీసు ఉన్నతాధికారులకు, మానవ హక్కుల సంఘానికి. తీసుకెళ్లిన సమయం, వాహనం నంబరు, వచ్చినవారు యూనిఫాంలో ఉన్నారా లేదా, ఏ కాగితంపై సంతకం పెట్టించుకున్నారు, రోజూ వాడే మందులేమిటి అన్నవి అందులో స్పష్టంగా రాయాలి. ముందస్తు నిర్బంధమైతే ఉత్తర్వును, ఆధారపత్రాలను నిర్బంధితుడికి అర్థమయ్యే భాషలో ఇచ్చారో లేదో మొదటి ములాఖత్‌లోనే అడిగి తెలుసుకోవాలి. తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషికి ఇంగ్లీషు కట్ట చేతిలో పెడితే ఆ ఒక్క కారణంతోనే ఉత్తర్వు నిలవకపోవచ్చు. ప్రభుత్వానికి పంపిన వినతిపై జాప్యం జరిగితే ప్రతి రోజుకూ అధికారులు సంజాయిషీ చెప్పాల్సి ఉంటుంది కనుక, వినతి పంపిన రసీదును జాగ్రత్తగా దాచి న్యాయవాదికి అందజేయాలి.