మేనేజ్‌మెంట్ సరిగ్గా లేని సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి పనిచేస్తున్నా. ఇక్కడి జేఎన్‌టీయూ జూనియర్లు కలిసినప్పుడల్లా ఇవే మాటలు వినిపిస్తున్నాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: పని ఆలస్యమైతే ఇంకో నలుగురిని వేస్తే అయిపోతుంది.

వాస్తవం: ఇంకా ఆలస్యమవుతుంది. ఐబీఎంలో ఓఎస్/360 అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ ఈ మాట 1975లోనే చెప్పాడు. ఐదుగురుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 10, అదే పదిమందైతే 45. మా టీమ్‌కి రిలీజ్ మూడు వారాలుందనగా నలుగురు కొత్తవాళ్లను ఇచ్చారు. వాళ్లకు యాక్సెస్‌లు ఇప్పించి, కోడ్ చూపించి, డౌట్లు తీర్చేసరికి సాయంత్రమయ్యేది, నా పని రాత్రి భోజనం అయ్యాకే మొదలు. పాపం, వాళ్ల తప్పేమీ లేదు.

అపోహ: రాత్రంతా కూర్చునేవాడే మంచి ఇంజనీర్.

వాస్తవం: అలా కూర్చున్న ఒక రాత్రి, ఒంటిగంటకు, ఒక్క కస్టమర్ స్టేటస్ మార్చాల్సిన అప్‌డేట్ క్వెరీని వేర్ కండిషన్ (ఏ కస్టమర్‌దో చెప్పే షరతు) లేకుండా కొట్టేశాను. టేబుల్ మొత్తం మారిపోయింది. బ్యాకప్ నుంచి తెచ్చుకునేసరికి తెల్లారింది. అమ్మ ఉగ్గాని తెచ్చి ల్యాప్‌టాప్ పక్కన పెడితే తినబుద్ధి కాలేదు. మరుసటి మీటింగ్‌లో నన్ను అడిగారే గానీ, వరసగా నాలుగు రాత్రులు ఎందుకు మేలుకోవాల్సి వచ్చిందని ఎవరూ అడగలేదు. తప్పు చేసింది నేనే, కాదనను. కానీ నిద్రలేని మనిషి చేతికి కస్టమర్ల అసలు డేటా ఉండే ప్రొడక్షన్ డేటాబేస్ ఇవ్వడం కూడా తప్పే.

అపోహ: మేనేజర్ ఫోన్‌లో చెప్పాడుగా, చాలు.

వాస్తవం: చాలదు. కాల్ అయిన పది నిమిషాల్లో "ఇప్పుడు అనుకున్నవి ఇవీ, ఈ మార్పు వల్ల తేదీ ఇంత వెనక్కి పోతుంది" అని మెయిల్ పెట్టండి. ఇది గొడవకు కాదు, నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు కాబట్టి.

అపోహ: గ్రాట్యుటీ (చేసిన ఏళ్లను బట్టి ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) కోసమైనా ఐదేళ్లు ఓర్చుకోవాలి.

వాస్తవం: మా నాన్న కూడా ఇదే అన్నారు. గ్రాట్యుటీ లెక్కలో ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా తీసుకుని. ఆ లెక్కకు తీసుకునే నెల జీతం 30 వేలైతే ఐదేళ్లకు 86,500 చిల్లర. ఆరు నెలల్లో పూర్తయ్యేదైతే ఆగండి. మూడేళ్లుందంటే మాత్రం ఆరోగ్యం పాడుచేసుకోకండి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రిజైన్ చేయండి, నోటీస్ పీరియడ్ ఎంతో ముందే చూసుకోండి, పీఎఫ్ డబ్బు తీసేయకుండా అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్) మీద ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి.