గుండెల మీద మిర్చి టిక్కీ

విజయవాడ పటమట నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "కుటుంబమంతా అండమాన్ వెళ్తున్నాం. ఒక రోజుకి బోటు మొత్తం మాకే మాట్లాడుకున్నాం. మూడు దీవులు, రెండుచోట్ల ఈత, స్నార్కెలింగ్ (మాస్కు పెట్టుకుని, నోట్లో గొట్టంతో గాలి పీలుస్తూ నీటి మీద తేలి చేపల్ని చూడటం). కానీ వాళ్లిచ్చే గొట్టం మూరెడు కూడా ఉండదట. రెండు మీటర్ల పైపు తగిలించుకుంటే చేపల దగ్గరికే దిగి తీరిగ్గా చూడొచ్చు కదండీ?"

వద్దండీ. ఆ పైపు ఇంట్లోనే వదిలేయండి. ప్రశ్న మాత్రం చాలా గొప్పది. తొమ్మిదో తరగతిలో ద్రవపీడనం పాఠం చదివిన ప్రతి పిల్లవాడికీ రావాల్సిన ప్రశ్న ఇది. మన బళ్లలో లోతును సాంద్రతతో, గురుత్వ త్వరణంతో గుణించి పీడనం రాబట్టమంటారు, పాస్కల్ పేరు చెప్పి కారును ఎత్తే జాక్ బొమ్మ గీయిస్తారు, మార్కులు వేస్తారు. ఆ లెక్కలో లోతు ఉండాల్సిన చోట పిల్లవాడి సొంత ఛాతీని పెట్టమని ఎవరూ అడగరు. ఇప్పుడు మనం పెట్టి చూద్దాం.

నీటిలో ఒక మీటరు కిందికి వెళ్తే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా పీడనం సుమారు 100 గ్రాముల బరువంత పెరుగుతుంది. వినడానికి ఏమంత ఎక్కువ కాదు. పెద్దవాళ్ల ఛాతీ ముందుభాగం అటూ ఇటూ 30 సెంటీమీటర్ల చొప్పున వేసుకుంటే 900 చదరపు సెంటీమీటర్లు. గుణిస్తే 90 కిలోలు. గుంటూరు మిర్చి యార్డులో ఒక టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, సుమారు 45 కిలోలు తూగుతుంది. అంటే మీటరు లోతున, నోట్లో పైపుతో, మీరు గాలి పీల్చుకోవాలంటే గుండెల మీద రెండు మిర్చి టిక్కీలు పెట్టుకుని ప్రతి శ్వాసకూ వాటిని పైకెత్తాలి. అరమీటరుకి ఒక టిక్కీ. రెండు మీటర్ల పైపుకి నాలుగు టిక్కీలు. యార్డులో హమాలీ ఒక టిక్కీని వీపున వేసుకుని నడుస్తాడు, అవతల దించేస్తాడు. మీరు నిమిషానికి పదిహేనుసార్లు ఎత్తాలి, అదీ కాళ్ల బలంతో కాదు, పక్కటెముకల మధ్య ఉన్న సన్నటి కండరాలతో, ఊపిరితిత్తుల కింద ఉండే ఉదరవితానమనే కండరంతో.

ఆ కండరాల సత్తా ఎంతో కొలిచి ఉంది. ఆరోగ్యంగా ఉన్న యువకుడు శక్తంతా పెట్టి ఒక్కసారి పీలిస్తే పుట్టే చూషణం దాదాపు మీటరు ఎత్తు నీటి పీడనానికి సమానం. ఒక్కసారి, అంతే. టిక్కీల భాషలో, రెంటిని ఒక్కసారి ఎత్తగలడు, మళ్లీ మళ్లీ ఎత్తలేడు. ఆడవాళ్లకూ పెద్ద వయసువాళ్లకూ ఈ హద్దు ఇంకా తక్కువ. మామూలు గొట్టంతో బోర్లా తేలుతున్నప్పుడు ఊపిరితిత్తులు నీటిమట్టానికి 15 సెంటీమీటర్ల దిగువన ఉంటాయనుకుంటే బరువు 13-14 కిలోలు, టిక్కీలో మూడోవంతు కన్నా తక్కువ. దాన్ని గంటసేపు ఎత్తగలం. గొట్టం 35-40 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోవడానికి అసలు కారణం ఇదే. ప్లాస్టిక్ మిగుల్చుకుందామని కంపెనీవాళ్లు పొట్టిగా చేయలేదు.

ఇక్కడ తెలివైన పాఠకుడు అడ్డుపడతాడు: గొట్టం లేకుండా ఊపిరి బిగబట్టి నాలుగైదు మీటర్లు మునిగేవాళ్లు ఉన్నారు కదా, టిక్కీలు వాళ్లను ఎందుకు నలిపేయవు? ఎందుకంటే మూసిన ఛాతీలోని గాలి తనూ నలుగుతుంది. అయిదు మీటర్ల దగ్గర బయటి పీడనం ఒకటిన్నర రెట్లు, లోపలి గాలి మూడింట రెండొంతులకు కుదించుకుపోయి తన పీడనాన్నీ ఒకటిన్నర రెట్లు చేసుకుంటుంది. బయటెంతో లోపలా అంతే కనుక ఎత్తాల్సిన బరువేమీ లేదు. పైపు పెట్టిన క్షణాన ఈ సర్దుబాటు పోతుంది. ఊపిరితిత్తులు ఒడ్డుమీది గాలితో కలిసిపోతాయి. ఒంటికి బయట నీటి పీడనం, ఊపిరితిత్తుల లోపల మాత్రం పైనున్న గాలి పీడనం. టిక్కీలు అప్పుడు దిగుతాయి గుండెల మీదికి. సిలిండరుతో మునిగేవాళ్ల దగ్గర రెగ్యులేటర్ చేసే పనంతా ఇదొక్కటే, ఎంత లోతులో ఉంటే అంత పీడనంతో గాలినివ్వడం. 1943లో ఫ్రాన్సువాళ్లు కూస్తో, గాన్యాన్ ఇద్దరూ కలిసి దాన్ని పనికొచ్చేలా తయారుచేశారు.

పీల్చలేకపోతే పైకి వచ్చేస్తాను, నష్టమేముంది అనుకోకండి. ఒంట్లో రక్తం కూడా నీటి పీడనంలోనే ఉంటుంది, ఊపిరితిత్తుల్లో మాత్రం పీడనం తక్కువ. రక్తం అటువైపు తోసుకొస్తుంది, గుండె గదులు ఉబ్బుతాయి, సన్నటి రక్తనాళికల గోడల్లోంచి నీరు గాలి తిత్తుల్లోకి ఊరుతుంది. ఆస్ట్రియా శరీరధర్మ శాస్త్రవేత్త స్టిగ్లర్ 1911 నాటికే ఇలాంటి గొట్టాలతో తనమీద తానే ప్రయోగాలు చేసుకుని, రెండు మీటర్ల దగ్గర గుండె పాడుచేసుకున్నాడు. మీరడిగిన పైపు పొడవు సరిగ్గా అంతే.

రెండో చిక్కు పైపు లోపలి గాలి. మనం మామూలుగా పీల్చే శ్వాస దాదాపు అరలీటరు. అందులో 150 మిల్లీలీటర్లు గొంతులోనూ శ్వాసనాళాల్లోనూ ఉండిపోయి రక్తాన్ని చేరదు. రెండు సెంటీమీటర్ల వ్యాసం, 38 సెంటీమీటర్ల పొడవు గల గొట్టం ఇంకో 120 మిల్లీలీటర్లు మింగుతుంది. ఇంకా 230 మిగులుతాయి కాబట్టి, కాస్త లోతుగా నెమ్మదిగా పీలిస్తే సరిపోతుంది. అదే వ్యాసంతో రెండు మీటర్ల పైపు పెడితే దాని కడుపే 628 మిల్లీలీటర్లు. మీరు వదిలిన గాలి పైకి చేరనే చేరదు, మళ్లీ దాన్నే పీలుస్తారు. సన్నపైపు పెడితే కడుపు తగ్గుతుందిగా అంటారా? వ్యాసం సగం చేస్తే, గాలి సాఫీగా పారినా, నిరోధం పదహారు రెట్లవుతుంది. దుర్యోధనుడు మడుగులో దాక్కోవడానికి జలస్తంభన విద్య కావాల్సి వచ్చిందంటే కథ చెప్పినవాళ్లకి భౌతికశాస్త్రం బాగానే తెలిసి ఉండాలి. తామరతూడు నోట్లో పెట్టుకుని గంటలు గంటలు నీళ్లడుగున దాక్కునే వీరులు మాత్రం సినిమాల్లోనే బతుకుతారు. ముఖమంతా కప్పే చవకరకం మాస్కుల మీదా ఇందుకే అనుమానం. వాటిలో వాడిన గాలి నిలిచిపోయే చోటు ఎక్కువ, ఉక్కిరిబిక్కిరైతే నోట్లోంచి ఉమ్మేసినంత తేలిగ్గా ఊడిరావు.

ఇక బోటు రోజు సంగతి. రేవు, టికెట్లు, భోజనాలు బోటువాళ్లు చూసుకుంటారు. మీరు చూసుకోవాల్సింది తిథి. అవును, పంచాంగంలో తిథే. సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అమావాస్య, పౌర్ణములకు ఇద్దరూ ఒకే గీత మీదికి వచ్చి సముద్రంలో పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది, దీవుల సందుల్లో ప్రవాహం జోరుగా ఉంటుంది. అష్టమి నడుమ కోణం 90 డిగ్రీలు. ఒకరి లాగుడు ఇంకొకరిది కొంత తగ్గించేస్తుంది. సముద్రం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి నవమి, దశమి చుట్టుపక్కల ప్రవాహాలు అన్నిటికన్నా మందం. ప్రయాణాలకు పనికిరావని మనవాళ్లు పక్కనపెట్టే అష్టమి, నవములే ఈత కొత్తగా నేర్చినవాడికి సముద్రంలో మంచి రోజులు. ముహూర్తం చూసి పౌర్ణమికి బోటు మాట్లాడుకున్నవాళ్లు పాటు సమయంలో పగడాల మీద మోకాళ్లు గీరుకుంటారు. ఏ రోజైనా నీళ్లలో దిగాల్సింది పోటు నిండబోతున్నప్పుడు. అప్పుడు బయటి సముద్రపు తేటనీరు లోపలికి వస్తుంది. పాటు తీస్తున్నప్పుడు తీరపు మడ్డి బయటికి పోతూ చూపును చెడగొడుతుంది. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, కాబట్టి రేపటి పోటు ఇవాళ్టికన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. బోటు మాట్లాడేటప్పుడే ఆ రోజు పోటు ఎన్నింటికని అడగండి, దాన్నిబట్టి దీవుల వరస మార్చమనండి. బోటు మొత్తం మీదే అయినప్పుడు దక్కే అసలు లాభం ఇదే.

ఇంకో లెక్క. విజయవాడ రేఖాంశం 80.6 డిగ్రీలు, పోర్ట్ బ్లెయిర్, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం, 92.7. గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం అక్కడ 48 నిమిషాలు ముందు. మిట్టమధ్యాహ్నం 11:20 ప్రాంతంలోనే అవుతుంది. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా వెలుతురు నిటారుగా దిగి పగడాలు బాగా కనిపిస్తాయి, అదే సమయంలో వీపు మాడుతుంది. చల్లటి నీళ్లలో మంట తెలియదు, రాత్రికి తెలుస్తుంది. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు, ముఖ్యంగా ప్రోమెథజైన్ రకం, నిద్ర తెస్తాయి. వేసుకున్నవాళ్లు నీళ్లలోకి దూకే ముందు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి. వాగులు, మడ అడవులు సముద్రంలో కలిసేచోట ఉప్పునీటి మొసళ్లుంటాయి. అక్కడ బోర్డు ఉంటే వాదన పెట్టుకోకండి.

మాస్కు సరిపోయిందో లేదో ఇలా తేల్చుకోవాలి: పట్టీ వెనక్కి తీసి మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో కొద్దిగా పీల్చి చేతులు వదిలేయండి. అయిదారు సెకన్లు నిలబడితే మీ ముఖానిదే. జారిపోతే నీళ్లు కారతాయి. పట్టీ బిగిస్తే ఆగే కారుడు కాదు ఇది, ఎక్కువ బిగిస్తే అంచు మడతపడి ఇంకా కారుతుంది. మీసం ఉన్నవాళ్లకి ముక్కు కింద అంచు ఆనదు. అక్కడ సన్నగా కత్తిరించుకోవాలి, లేదా సిలికాన్ జెల్ రాయాలి. కొత్త మాస్కు అద్దం మీద తయారీ నాటి పొర ఉంటుంది, టూత్‌పేస్టుతో రుద్ది కడిగితే మంచు పట్టడం తగ్గుతుంది. గొట్టంలోకి నీళ్లొస్తే ఒక్క ఊపున గట్టిగా ఊదాలి, ఆ తర్వాత మొదటి శ్వాస జాగ్రత్తగా, చుక్కలు మిగిలి ఉంటాయన్నట్టు. ఇవన్నీ ఇక్కడే గాంధీనగర్ ఈతకొలనులోనో, ఇంకెక్కడి కొలనులోనో రెండు పూటలు సాధన చేయండి. భవానీ ద్వీపం పక్కన కృష్ణలో వద్దు, ఒండ్రునీళ్లలో మీ చేయే మీకు కనిపించదు.

మునిగితే మొదట అరిచేది చెవి. కర్ణభేరి వైశాల్యం అర చదరపు సెంటీమీటరుకి కాస్త ఎక్కువ కాబట్టి మీటరుకి దాని మీద పడేది 60 గ్రాముల లోపే. మిర్చి టిక్కీని ఎత్తే ఛాతీ ముందు ఇదెంత అనిపిస్తుంది, కానీ కర్ణభేరి మందం మిల్లీమీటరులో పదోవంతు. ముక్కు మూసి, నోరు మూసి, మెల్లగా ఊదితే గొంతు వెనక నుంచి చెవికి వెళ్లే నాళం తెరుచుకుని లోపలి గాలి సరిపోతుంది. నొప్పి రాకముందే చేయాలి, ప్రతి అరమీటరుకీ చేయాలి. ఆలస్యమైతే పీడనమే ఆ నాళాన్ని నొక్కి మూసేస్తుంది, తర్వాత ఎంత గట్టిగా ఊదినా తెరుచుకోదు, పైగా లోపలి చెవి దెబ్బతింటుంది. అప్పుడు కాస్త పైకి రావడమే దారి. జలుబు ఉన్నవాళ్లు పైనే తేలాలి. ఈత కళ్లద్దాలతో మునగకూడదన్నదీ ఈ లెక్కలోదే. వాటిలోకి గాలి పంపడానికి ముక్కు ఆ అద్దాల లోపల ఉండదు, అందుకని కంటి చుట్టూ నాళికలు చిట్లి కళ్లు ఎర్రబడతాయి. స్నార్కెల్ మాస్కు ముక్కును కప్పేది ఇందుకే.

మునిగేముందు గబగబా పదిసార్లు ఊపిరి తీసి వదిలితే ఎక్కువసేపు ఆగొచ్చని కృష్ణా రేవుల్లో పందేలు కాసే కుర్రాళ్లకి తెలుసు. ఎందుకు ఆగగలుగుతున్నారో తెలియదు. ఆ గబగబలో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఊపిరి పీల్చుకోమని మెదడు తొందరపెట్టేది కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు. ఆ హెచ్చరిక గంటను ముందే కోసేశారన్నమాట. అయిదు మీటర్ల అడుగున ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పీడనం పాదరసం ఎత్తులో 45 మిల్లీమీటర్లకి పడినా స్పృహ ఉంటుంది. పైకి వస్తుంటే మొత్తం పీడనం ఒకటిన్నర నుంచి ఒకటికి తగ్గి ఆ 45 కాస్తా 30 అవుతుంది, నీటిమట్టానికి జానెడు దూరంలో స్పృహ పోతుంది. అరుపు ఉండదు, పెనుగులాట ఉండదు. ఒడ్డున ఉన్నవాళ్లు గంగమ్మ తల్లి లాక్కుందంటారు. ఏటా ఏరు బలి కోరుతుందని ఇంకొకరు. ఇద్దరు వెళ్లి, ఒకరు మునిగితే ఒకరు పైనుంచి చూస్తూ ఉంటే, పైకొచ్చాక అరనిమిషం కనిపెట్టుకుని ఉంటే, ఏరుకి ఏ బలీ అందదు.

లైఫ్ జాకెట్ గురించి విజయవాడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2017 నవంబరులో కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. బోటు దిగేటప్పుడు తొడుక్కుందామని సీటు కింద పెట్టేది కాదది. డాల్ఫిన్ కనిపించిందని అందరూ ఒకే పక్కకి లేచి నిలబడితే బరువు ఒక పక్కకీ, పైకీ జరుగుతుంది. చిన్న బోటు వాలడానికి ఆ రెండూ చాలు. సముద్రంలో ఒక సాయం మాత్రం ఉంది. ఆ నీటి సాంద్రత లీటరుకి 1.025 కిలోలు కాబట్టి 70 లీటర్ల పరిమాణం ఉన్న మనిషి కృష్ణలో కన్నా పావు తక్కువ రెండు కిలోలు ఎక్కువ తేలికగా తేలతాడు.

పాఠకుడు చివర్లో ఇంకోటి అడిగారు: సాయంత్రమే తిరుగు విమానం ఎక్కొచ్చా? సిలిండరుతో మునిగినవాళ్లు 18 గంటలైనా ఆగాలి, వాళ్ల కణజాలంలో ఎక్కువ పీడనం కింద కరిగిన నత్రజని ఉంటుంది. గొట్టంతో తేలినవాళ్లకి ఆ బెడద లేదు, ఎక్కొచ్చు. చెవి మాత్రం మళ్లీ పలకరిస్తుంది. ఆకాశంలో విమానం లోపలి పీడనం నేలమీది దానిలో దాదాపు నాలుగింట మూడొంతులు. గన్నవరంలో దిగేసరికి ఆ నాలుగో వంతు తిరిగి వచ్చి చేరుతుంది, రెండున్నర మీటర్లు మునిగినంత. కాకపోతే అరగంటలో మునుగుతారు. అక్కడా మందు అదే. ముక్కు మూసి, మెల్లగా, నొప్పి రాకముందే ఊదాలి.